కంప్యూటరులో ఏది ఎక్కడ ఉండవలెను?

విండోస్ పద్ధతిపై నడచు కంప్యూటరులో డ్రైవుల పట్టికను తెరచి చూచినచో సి, డి, ఇ అను అక్షరములు కనబడును. ఏ, బి అనునవి సామాన్యముగా కనబడవు. తరగతిలోని చురుకైన విద్యార్థి ఎవడో ఒకడు ఎప్పుడో ఒకనాడు దీనికి కారణమడుగక మానడు. 1981లో ఐబీఎం సంస్థ తన మొదటి పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు దానిలో హార్డు డిస్కు లేదు. దానిలో ఉండిన రెండు స్థానములును ఫ్లాపీలవే. వాటికి ఏ, బి అను పేర్లు చెల్లినవి. 1983లో వచ్చిన ఎక్స్‌టీ అను నమూనాలో 10 మెగాబైట్ల హార్డు డిస్కును అమర్చగా దానికి సి అను అక్షరము దక్కినది. ఫ్లాపీలు కనుమరుగైనవి గాని వాటి అక్షరములు ఖాళీ కుర్చీల వలె నేటికిని అట్లే నిలిచి ఉన్నవి.

ఈ అక్షరములతో ముడిపడిన ప్రశ్న యొకటి కంప్యూటరు కొన్న ప్రతివారికిని ఎదురగును. ప్రోగ్రాములను ఏ డ్రైవులో ఉంచవలెను? స్వంత ఫైళ్ళను ఏ డ్రైవులో ఉంచవలెను? దుకాణములో దొరకు సమాధానము సులభమైనది: “సి లో విండోస్, డి లో మీ ఫైళ్ళు.” ఈ మాటలో సగము సత్యము కలదు. మిగిలిన సగము తెలియకపోవుట చేత పదేండ్లుగా తయారుచేసికొన్న ప్రశ్నపత్రములను, మార్కుల పట్టికలను, ఇంటి శుభకార్యముల ఫోటోలను ఒక్క పూటలో పోగొట్టుకొనిన ఉపాధ్యాయులు అరుదు కారు.

సమాధానము వెదకుటకు ముందు ఈ రెండు విధములైన సామగ్రికి గల భేదమును గుర్తింపవలెను. ప్రోగ్రాము పోయినచో మరల తెచ్చికొనవచ్చును. దాని ప్రతులు ప్రపంచమందు లక్షల కొలది కలవు. ఒక గంట సమయము, కొంత విసుగు, అంతకు మించి నష్టము లేదు. కాని పదవ తరగతి వీడ్కోలు సభనాడు తీసిన ఫోటో పోయినచో ఏ దుకాణమునందును దొరకదు. కనుక ప్రోగ్రాము విషయమున చూడవలసినది వేగము. స్వంత ఫైలు విషయమున చూడవలసినది క్షేమము. ఈ రెండింటిని ఒకే కొలతతో కొలుచుట వలననే చిక్కులన్నియు వచ్చుచున్నవి.

అక్షరము వేరు, వస్తువు వేరు

సి, డి అను రెండు అక్షరములు కనబడుచున్నంత మాత్రమున కంప్యూటరులో రెండు డ్రైవులు ఉన్నవని తలచరాదు. ఒకే డ్రైవును రెండు మూడు భాగములుగా విభజించి, భాగమునకొక అక్షరము నిచ్చుట మన దేశపు దుకాణములలో చిరకాలముగా ఉన్న అలవాటు. ఒకే గదికి నడుమ తడిక కట్టి రెండు గదులనుకొనుట వంటిది ఇది. తడిక వలన ప్రయోజనము లేకపోలేదు. విండోస్ చెడిపోయి సి భాగమును తుడిచివేసి మరల ఎక్కింపవలసి వచ్చినచో డి భాగములోని ఫైళ్ళు చెక్కుచెదరవు. కాని ఇల్లు అంటుకొనినప్పుడు తడిక ఏమి అడ్డగింపగలదు? డ్రైవే పాడైనచో సి, డి, ఇ అన్నియు కలసియే పోవును.

నిజముగా ఎన్ని డ్రైవులు ఉన్నవో తెలిసికొనుట కష్టము కాదు. టాస్క్ మేనేజరు తెరచి పెర్ఫార్మెన్స్ అను భాగమును చూచినచో డిస్కు 0, డిస్కు 1 అని వేరువేరుగా కనబడును. ఒక్కటే కనబడినచో అక్షరములెన్ని ఉన్నను డ్రైవు ఒక్కటే. అది హార్డు డిస్కా, ఎస్.ఎస్.డి.యా అన్న సంగతియు ఈనాటి విండోస్‌లో అక్కడనే తెలియును. ఈ రెండవ సంగతి మిక్కిలి ముఖ్యమైనది. ఏలననగా ఈ రెండును ఒకే పని చేయునవి యైనను లోపలి నిర్మాణములో గ్రామఫోనుకును చేతి గడియారమునకును ఉన్నంత దూరము కలదు.

తిరుగు పళ్లెములు

హార్డు డిస్కు పుట్టినది 1956లో. ఐబీఎం వారి ఆ మొదటి యంత్రములో 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు ఒకే ఇరుసుపై నిమిషమునకు 1,200 సార్లు తిరుగుచుండెడివి. బీరువా కంటె పెద్దదైన ఆ యంత్రములో పట్టినది 50 లక్షల అక్షరములు. అనగా నేటి సెల్‌ఫోను తీయు ఒక్క ఫోటోకు ఇంచుమించు సరిపోవు చోటు.

పరిమాణము ఎంత మారినను సూత్రము మారలేదు. అయస్కాంత పదార్థము పూసిన పళ్లెము తిరుగుచుండును. దాని ఉపరితలము మీద సన్నని చేతి వంటి భాగము చివర ఒక శీర్షము ముందు వెనుకలకు కదలుచు అయస్కాంత దిశలను వ్రాయును, చదువును. గ్రామఫోను ముల్లు రికార్డును తాకుచు పోవును. ఈ శీర్షము మాత్రము తాకరాదు. పళ్లెము తిరుగుటచే పుట్టిన గాలి పొరపై అది తేలుచుండును. నడుమ ఎడము కొన్ని నానోమీటర్లు మాత్రమే. మనిషి తల వెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు అని జ్ఞాపకముంచుకొన్నచో ఆ ఎడము ఎంతటిదో ఊహింపవచ్చును. ఇక పళ్లెపు వేగము. మేజా కంప్యూటరులోని డిస్కు నిమిషమునకు 7,200 సార్లు తిరుగును. పళ్లెపు వ్యాసము సుమారు 95 మిల్లీమీటర్లు. అంచు వేగమును విద్యార్థులు స్వయముగా లెక్కింపవచ్చును: గంటకు ఇంచుమించు 130 కిలోమీటర్లు వచ్చును. ఇట్టి యంత్రము నడచుచుండగా బల్ల మీద నుండి జారిపడినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు కాలము లెక్క చూతము. 7,200 సార్లు అనగా సెకనుకు 120 సార్లు. ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకనులు. కావలసిన చోటు శీర్షము క్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు వేచియుండవలెను గాన 4.2 మిల్లీసెకనులు పోవును. శీర్షము ఒక వలయము నుండి మరియొక వలయమునకు జరుగుటకు మరి 9 మిల్లీసెకనుల వరకు పట్టును. మొత్తము 13. అనగా పళ్లెము మీద చెదరియున్న చిన్న చిన్న ముక్కలను చదువవలసి వచ్చినచో సెకనుకు సుమారు 75 ముక్కలకు మించి చదువుట సాధ్యము కాదు. ల్యాప్‌టాపులలో వాడిన 5,400 చుట్ల డిస్కులు ఇంకను నిదానము.

అయితే ఒకే వరుసగా వ్రాయబడిన పెద్ద ఫైలును చదువుటలో హార్డు డిస్కు తీసిపోదు. శీర్షము ఒకసారి చోటు చేరినదా, ఆ తరువాత సెకనుకు 100 నుండి 250 మెగాబైట్ల వరకు ధారగా ఇచ్చును. వేచియుండుటయే దాని బలహీనత; పారుట కాదు.

కదలని డ్రైవు

ఎస్.ఎస్.డి.లో తిరుగునది, జరుగునది ఏదియు లేదు. అందున్నవి కోట్ల కొలది అతి సూక్ష్మమైన విద్యుత్ గదులు. ఒక్కొక్క గదిలో బంధకపు పొరల నడుమ ఎలక్ట్రానులను బంధించి ఉంచుదురు. బంధించిన ఎలక్ట్రానుల మొత్తమును బట్టి ఆ గదిలో వ్రాసిన అంకె ఏదో తెలియును. బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అను శాస్త్రజ్ఞులు 1967లో ఈ మార్గమును చూపిరి. జపానులోని తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980 దశాబ్దములో దానిని ఫ్లాష్ జ్ఞాపకముగా రూపొందించెను. సెల్‌ఫోనులోను, పెన్ డ్రైవులోను ఉన్నది ఇదియే.

శీర్షము జరుగవలసిన పని లేదు గాన ఎస్.ఎస్.డి.కి ఏ మూలనున్న ముక్కయైనను ఒకటే. దానిని చేరుటకు ఒక మిల్లీసెకనులో పదవ వంతు చాలును. ఇప్పుడు ఒక ప్రోగ్రాము తెరచుకొనుటకు చెదరియున్న 3,000 చిన్న ముక్కలు కావలెననుకొందము. హార్డు డిస్కుకు 13 మిల్లీసెకనుల చొప్పున 39 సెకనులు; ఎస్.ఎస్.డి.కి 0.3 సెకను. ఆచరణలో విండోస్ కొన్ని ముక్కలను ముందుగనే చదివి పెట్టుకొనును గాన భేదము ఇంత తీవ్రముగా కనబడదు. కాని దాని స్వభావమిదియే. పాత కంప్యూటరులో హార్డు డిస్కు తీసి ఎస్.ఎస్.డి. పెట్టగానే కొత్తదాని వలె పరుగెత్తుటకు కారణము ఇంతకంటె వేరొకటి లేదు. పాఠశాలలలో మూలపడియున్న కంప్యూటర్లలో అనేకము ఈ ఒక్క మార్పుతో మరల పనికివచ్చును.

మరి ఒక సినిమాను గాని పాఠము వీడియోను గాని ఎస్.ఎస్.డి.లో ఉంచినచో లాభమేమి? ఏమియు లేదు. వీడియో చూచుటకు సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లు చాలును. హార్డు డిస్కు దానికి వంద రెట్లు ఇయ్యగలదు. రెండు గంటల సినిమా ఏ డ్రైవులోనున్నను రెండు గంటలే నడచును.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానము తేలినది. విండోస్, దానితో పాటు నిత్యము వాడు ప్రోగ్రాములు ఎస్.ఎస్.డి.లోనే ఉండవలెను. హార్డు డిస్కు కూడ ఉన్నచో వీడియోలు, ఫోటోలు, పాటలు, పూర్తియైన పనుల ఫైళ్ళు అందులో ఉండవచ్చును. ఈ నెలలో నిత్యము తెరచి దిద్దుచున్న ఫైళ్ళు ఎందులోనున్నను అభ్యంతరము లేదు.

ఎస్.ఎస్.డి.లో మాటిమాటికి వ్రాసినచో అరిగిపోవునన్న భయము చాలమందికి కలదు. భయమునకు ఆధారము లేకపోలేదు. ఫ్లాష్ జ్ఞాపకము పలక వంటిది. అందులో ఒక్క అక్షరమును మాత్రము చెరుపుట కుదరదు, ఒక పెద్ద భాగమును మొత్తముగా తుడువవలెను. తుడిచినప్పుడెల్ల బంధకపు పొర కొంచెము అరుగును. గదికి మూడు బిట్లు వ్రాయు నేటి రకములు సుమారు వేయి నుండి మూడు వేల సార్లు తుడుపునకు తాళును. కాని డ్రైవులోని నియంత్రకము ఒకే చోటును మాటిమాటికి తుడువక పనిని అన్ని చోట్లకును పంచును. 500 గిగాబైట్ల ఎస్.ఎస్.డి.కి 300 టెరాబైట్ల వ్రాతకు హామీ ఇచ్చుట కలదు. రోజుకు 20 గిగాబైట్లు వ్రాసినను అది పూర్తియగుటకు 15,000 రోజులు, అనగా 41 సంవత్సరములు పట్టును. అరుగునను భయముతో ప్రోగ్రాములను హార్డు డిస్కులో పెట్టుట పట్టుచీర నలుగునని పెండ్లికి కట్టకపోవుట వంటిది.

నిజముగా జాగ్రత్తపడవలసిన సంగతులు వేరుగ ఉన్నవి. హార్డు డిస్కు చెడుటకు ముందు తరచుగా టిక్కు టిక్కుమని శబ్దము చేయును, నెమ్మదించును, హెచ్చరించును. ఎస్.ఎస్.డి. చాలసార్లు ఏ హెచ్చరికయు లేకయే ఒకనాటి ఉదయము కనబడకుండ పోవును. హార్డు డిస్కులో పొరపాటున తుడిచిన ఫైలును నిపుణులు తరచుగా వెలికితీయగలరు, ఎస్.ఎస్.డి.లో తుడిచిన భాగమును విండోస్ వెంటనే డ్రైవుకు తెలియజేయును, డ్రైవు దానిని ఖాళీచేసికొనును, వెలికితీయుట ఇంచుమించు అసాధ్యమగును. మరియొకటి. ఎలక్ట్రానులు మట్టికుండలోని నీటి వలె మిక్కిలి నెమ్మదిగా ఊరిపోవుచుండును. పూర్తిగా అరిగిన గృహోపయోగపు ఎస్.ఎస్.డి. విద్యుత్తు లేకుండ 30 డిగ్రీల సెంటిగ్రేడులో ఒక సంవత్సరము పాటు సమాచారమును నిలుపవలెనని జెడెక్ సంస్థ ప్రమాణము చెప్పుచున్నది. కొత్త డ్రైవు ఇంతకంటె చాల ఎక్కువ కాలము నిలుపును, కాని వేడి హెచ్చినకొలది ఆ కాలము తగ్గును. రెంటచింతల, రామగుండముల వేసవిలో బీరువాలో పెట్టి మరచిపోవుటకు ఎస్.ఎస్.డి. గాని పెన్ డ్రైవు గాని తగినవి కావు.

డెస్క్‌టాప్ అను మాయ

స్వంత ఫైళ్ళు అన్నియు డి లోనే ఉన్నవని ధైర్యముగా చెప్పువారి కంప్యూటరును పరిశీలించినచో సగము ఫైళ్ళు డెస్క్‌టాప్ మీదనే ఉండును. డెస్క్‌టాప్ ప్రత్యేకమైన చోటు కాదు. మామూలుగా అది సి లోని యూజర్స్ అను ఫోల్డరులో ఒక మూల. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అనునవి కూడ అక్కడివే. మెకానికు వచ్చి “సి ఫార్మాట్ చేయుదునా?” అని అడిగినప్పుడు సరేయని తల యూపినవారు పోగొట్టుకొనునవి సరిగా ఇవియే.

వీటిని వేరొక డ్రైవునకు మార్చుట సులభము. డాక్యుమెంట్స్ ఫోల్డరు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్ లో లొకేషన్ అను పుటను తెరచి, మూవ్ అను మీట ద్వారా కొత్త చోటు చూపవలెను. పాత ఫైళ్ళను విండోసే అక్కడికి జరుపును. డి లో ముందుగా ఒక కొత్త ఫోల్డరు చేసి దానినే చూపవలెను. డి మొత్తమును చూపుట మంచిది కాదు. ప్రోగ్రాముల సంగతి ఇట్టిది కాదు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరును పట్టి లాగి వేరొక డ్రైవులో పడవేసినచో ప్రోగ్రాములు పనిచేయవు. ఏ ప్రోగ్రాము ఎక్కడ ఉన్నదో విండోస్ తన రిజిస్ట్రీలో వ్రాసికొనును గనుక చిరునామా ఇయ్యక ఇల్లు మారినట్లగును. చోటు మార్చవలెనన్నచో తీసివేసి మరల ఎక్కించుటయే సరియైన పద్ధతి.

ఒక్క ఎస్.ఎస్.డి. మాత్రమే ఉన్న కంప్యూటరులో తడిక కట్టవలెనా? కట్టినను కట్టకున్నను వేగములో భేదముండదు. కట్టినచో సి కి చోటు చాలినంత విడువవలెను. విండోస్ 11కు 64 గిగాబైట్ల డ్రైవు కనీసమని మైక్రోసాఫ్ట్ చెప్పుచున్నది గాని అది తలుపు తీయుటకు మాత్రమే సరిపోవును. ప్రోగ్రాములు, నవీకరణలు చేరిన కొలది సి ఉబ్బును. ఖాళీ పదింట ఒక వంతుకు తగ్గగానే దాని గీత ఎర్రబడును. ప్రక్కన డి లో చోటు వృథాగా పడియుండగా సి లో ఊపిరాడని కంప్యూటర్లు కొల్లలు. 256 గిగాబైట్ల డ్రైవులో సి కి 150 అయినను విడుచుట మేలు. (ఆ 256 తెరపై 238గా కనబడుట మోసము కాదు. తయారీదారు గిగాబైటును వంద కోట్ల బైట్లుగా లెక్కించును. విండోస్ 2 ను 30 సార్లు హెచ్చించగా వచ్చు 107 కోట్ల పైచిలుకుగా లెక్కించును. ఘాతాంకముల పాఠమునకు ఇది మంచి ఉదాహరణము.)

రెండవ ప్రశ్నకు నిజమైన సమాధానము

స్వంత ఫైళ్ళకు ఏ డ్రైవు క్షేమము? ఏ ఒక్క డ్రైవును కాదు. అమెరికాలోని బ్యాక్‌బ్లేజ్ అను సంస్థ లక్షల కొలది డ్రైవులను నడపుచు, ఎన్ని చెడినవో 2013 నుండి ప్రకటించుచున్నది. ఇటీవలి లెక్కలను బట్టి హార్డు డిస్కులు ఏటా నూటికి ఒకటి రెండు చెడుచున్నవి. చిన్న సంఖ్యయే. కాని నలుబది మంది ఉపాధ్యాయులున్న ఒక మండలములో తలకొక డిస్కున్నచో రెండేండ్లలో ఒకరికైనను ఆ గతి పట్టవచ్చునని దాని అర్థము. అది ఎవరికో ముందుగా తెలియదు.

కాబట్టి ప్రతి విలువైన ఫైలునకు రెండు మూడు ప్రతులు ఉండవలెను. అవి వేరువేరు వస్తువుల మీద ఉండవలెను. అందొకటి వేరొక చోట ఉండవలెను. కంప్యూటరులో ఒకటి, విడి హార్డు డిస్కులో ఒకటి, ఇంటర్నెట్టు నిల్వలో గాని బంధువుల ఇంటిలో గాని ఒకటి. విడి డిస్కును పని కాగానే ఊడదీయవలెను. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమంతయు వ్యాపించి ఫైళ్ళకు తాళము వేసి డబ్బడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాత బడినవి. అట్టి ప్రోగ్రాములకు సి, డి అను భేదము లేదు. తగిలించియున్న ప్రతి డ్రైవునకును తాళము వేయును. బీరువాలో ఉన్న డిస్కును మాత్రము తాకలేవు.

ప్రతి తీసినంత మాత్రమున చాలదు, అది తెరచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు చూడవలెను. 1998లో పిక్సార్ సంస్థ టాయ్ స్టోరీ 2 చిత్రమును తయారుచేయుచుండగా పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశముతో చిత్రపు ఫైళ్ళలో అధికభాగము తుడిచిపెట్టుకొనిపోయినది. ఉన్నవనుకొన్న ప్రతులు సరిగా పనిచేయుట లేదని అప్పుడు గాని తెలియలేదు. బిడ్డ పుట్టినందున ఇంటి నుండి పనిచేయుచుండిన సాంకేతిక పర్యవేక్షకురాలి కంప్యూటరులో ఒక ప్రతి ఉండుట చేత చిత్రము దక్కినది.

తెలుగు ఫైళ్ళకు ఇంకొక చిక్కు కలదు. పేజ్‌మేకరులో అనూ ఫాంట్లతో కూర్చిన ప్రశ్నపత్రములు, సంచికలు లెక్కకు మించి ఉన్నవి. ఫైలు డి లో ఉండును, దాని ఫాంటు సి లోని విండోస్ ఫోల్డరులో ఉండును. సి ని తుడిచి మరల ఎక్కించిన తరువాత ఫైలు భద్రముగానే తెరచుకొనును గాని తెరపై తెలుగునకు బదులు అర్థములేని రోమను గుర్తులు బారులు తీరును. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరముల బొమ్మలను రోమను అక్షరముల స్థానములలో కూర్చియుందురు. ఫాంటు లేనిచో లోపలి గుర్తులే బయటపడును. ఇట్టి ఫైళ్ళు గలవారు సి ని తుడుచుటకు ముందే ఫాంట్లను, కీబోర్డు ప్రోగ్రామును స్వంత ఫైళ్ళతో పాటు దాచుకొనవలెను. ప్రతి ఫైలును పీడీఎఫ్‌గా కూడ ఒకసారి మార్చి ఉంచవలెను. ఇకమీద వ్రాయువాటిని యూనికోడు తెలుగులో వ్రాసినచో ఏ కంప్యూటరులోనైనను, సెల్‌ఫోనులోనైనను అవి తెలుగుగానే తెరచుకొనును.